రెండు సెన్సర్లు మార్చినా ఆరని లైటు: ఒక బీఎస్6 డీజిల్ కారు కేసు

కారు కంపెనీ పేరు, ఓనరు వివరాలు, బండి నా దగ్గరికి రాకముందు తిరిగిన గ్యారేజీల పేర్లు ఇందులో రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న సంగతులు కొన్ని మార్చాను. కొలతలు, పని జరిగిన వరుస మాత్రం నా జాబ్ కార్డులో ఉన్నట్టే ఇచ్చాను. కూకట్‌పల్లి వైపు మాది చిన్న షెడ్డు. ఇంజిన్ పని కన్నా ఎలక్ట్రికల్, సెన్సర్ల పనే ఎక్కువగా వస్తుంది. ఈ కేసులో నేను కూడా ఒకసారి తప్పు చేసి బండిని తిప్పి పంపాను. ఇది రాయడానికి ముఖ్య కారణం అదే.

బండి, దాని వెనక కథ

2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన బీఎస్6 బండి, అంటే కొత్త పొగ నియమాల ప్రకారం చేసింది. ఒకటిన్నర లీటర్ డీజిల్, మాన్యువల్ గేర్లు, 78 వేల కిలోమీటర్లు. ఓనరుకి ముప్పై అయిదేళ్లుంటాయి. సుచిత్ర వైపు ఇల్లు, నానక్‌రాంగూడలో ఆఫీసు. పొద్దున తొందరగా వెళ్తాడు, సాయంత్రం ఆరు తర్వాత తిరిగొస్తాడు. సర్వీసులు టైముకి చేయించాడు. ఇంజిన్ ఆయిల్ కూడా డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బండికి వాడాల్సిన గ్రేడే పోయించాడు. బిల్లులన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి.

మార్చి చివర్లో మొదటిసారి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. సాయంత్రం ట్రాఫిక్‌లో ఉండగా పికప్ ఒక్కసారిగా పడిపోయింది. ఆక్సిలేటర్ ఎంత తొక్కినా బండి లాగలేదు. పక్కకి ఆపి, ఇంజిన్ ఆపి, ఇరవై నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది. మొదటి గ్యారేజీలో స్కాన్ చేసి, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ క్లీన్ చేశారు, టర్బో తోసే గాలి ప్రెషర్ కొలిచే బూస్ట్ ప్రెషర్ సెన్సర్ మార్చారు. వారం బాగుంది, మళ్లీ వచ్చింది. రెండో గ్యారేజీలో డీపీఎఫ్‌కి ముందూ వెనకా ఉన్న ప్రెషర్ తేడా కొలిచే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ మార్చి, డీపీఎఫ్ రీజనరేషన్, అంటే అందులో పేరుకున్న మసిని కాల్చేయడం, కూడా చేయించారు. అయిదు రోజులకి మళ్లీ వచ్చింది. ఇక ఈజీఆర్ వాల్వ్ మొత్తం మార్చాలని చెప్పారట. అప్పటికే ముప్పై వేలు దాటింది. కొత్త వాల్వ్ అంటే ఇంకో పెద్ద ఖర్చు. ఆ దశలో నా దగ్గరికి వచ్చాడు.

ఆ రెండు గ్యారేజీలూ మోసం చేశాయని నేను అనుకోవడం లేదు. స్కానర్ ఏ పేరు చూపిస్తే ఆ పార్టు మార్చారు. హైదరాబాద్‌లో రోజూ వందల బండ్లకి జరిగేది ఇదే. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. సరిపోని బండి వచ్చినప్పుడే కష్టం.

నా దగ్గరికి వచ్చినప్పుడు

మొదట ఓనరు చెప్పింది మొత్తం విన్నాను, రాసుకున్నాను. చల్లటి ఇంజిన్‌లో ఎప్పుడూ రాదు. పొద్దున రాదు. సాయంత్రం నలభై అయిదు, యాభై నిమిషాలు నడిచాక వస్తుంది. స్పీడులో కన్నా నిదానంగా పాకే ట్రాఫిక్‌లోనే ఎక్కువ. వచ్చినప్పుడు మూడు వేల ఆర్‌పీఎం దాటదు, కానీ ఇంజిన్ ఆగిపోదు. చివర్లో ఇంకో మాట అన్నాడు: "ఆ టైముల ఏసీ గూడ చల్లగ రాదన్నా."

ఆ మాట జాబ్ కార్డు మీద రాశాను. రాసి, నాకు నేనే జవాబు చెప్పేసుకున్నాను. ఫాల్ట్ వచ్చి బండి తక్కువ పవర్‌తో మాత్రమే నడిచే లింప్ మోడ్‌లోకి వెళ్తే, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీఎం, ఇంజిన్ మీద లోడు తగ్గించడానికి ఏసీ కంప్రెసర్‌ని కట్ చేయడం మామూలే. కాబట్టి అది ఫలితమే తప్ప కారణం కాదనుకున్నాను. కేసు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద ఆధారం మొదటి పది నిమిషాల్లోనే నా చేతికొచ్చింది. నాకు ముందే తెలిసిన ఒక సంగతికి అది సరిగ్గా సరిపోయింది కాబట్టి పక్కన పెట్టేశాను.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను. "ఈ మధ్య ఇంజిన్ పని ఏమైనా చేయించారా సార్, ఈ రెండు గ్యారేజీలకి ముందు?" లేదన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నా ప్రశ్నే ఇరుకుగా ఉంది.

స్కానర్ పెడితే మెమరీ ఖాళీ. రెండో గ్యారేజీలో కోడ్లు క్లియర్ చేసి పంపారు. కోడ్లతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడ్ పడిన క్షణంలో స్పీడెంత, కూలెంట్ వేడెంత, ఆర్‌పీఎం ఎంత అన్నవి అందులో ఉంటాయి. రోగి పాత రిపోర్టులు చింపేసి కొత్త డాక్టర్ దగ్గరికి పంపినట్టే ఇది. ఓనరు బిల్లుల మీద రాసి ఉన్న కోడ్లే నాకు మిగిలాయి: పి0237, పి2454, పి0405. వరుసగా బూస్ట్ సెన్సర్ సర్క్యూట్ 'లో', డీపీఎఫ్ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్ 'లో', ఈజీఆర్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ 'లో'.

ఇక్కడ 'లో' అన్న మాట దగ్గర, అంటే తక్కువ అని చెప్పే ఇంగ్లిష్ మాట దగ్గర, కాసేపు ఆగాలి. బూస్ట్ తక్కువగా ఉందని దాని అర్థం కాదు. సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టేజ్ అసలు సాధ్యం కానంత కిందికి పడిపోయిందని అర్థం. ఈ మూడూ మూడు వైర్ల సెన్సర్లే: ఒకటి ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ప్రెషర్ సున్నాకి దగ్గరగా ఉన్నా సిగ్నల్ అర వోల్టు చుట్టుపక్కల ఉండేలా చేస్తారు. దానికన్నా బాగా కిందికి పోతే సప్లై రాలేదనో, సిగ్నల్ వైరు ఎర్త్‌కి తగిలిందనో, సెన్సర్ లోపల పోయిందనో ఈసీఎం అనుకుంటుంది. ఈ మూడిట్లో ఏదో అది చెప్పలేదు. 'సర్క్యూట్' అని మాత్రమే అంటుంది. మనం దాన్ని 'సెన్సర్' అని చదువుకుంటాం.

మొదటి రోజు చూసినవి

బండిని రాత్రంతా షెడ్డులో ఉంచి, పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి లైవ్ డేటా చూశాను. ఏ డీజిల్ బండికైనా నేను మొదట చేసేది ఇదే. పైసా ఖర్చు లేదు, పార్టు విప్పక్కర్లేదు. ఇంజిన్ తిరగనప్పుడు బూస్ట్ సెన్సర్ బయటి గాలి ప్రెషరే చూపించాలి. మన ఊరు సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకి పైనే ఉంది కాబట్టి ఇక్కడ 95 కిలోపాస్కల్స్ దగ్గర రావాలి. అదే బండి విశాఖ బీచ్ రోడ్డులో అయితే 101 చూపిస్తుంది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు పుస్తకంలో 101 చూసి, ఇక్కడ 95 వస్తే సెన్సర్ పోయిందనుకుంటారు. ఈ బండిలో 95 వచ్చింది. డీపీఎఫ్ డిఫరెన్షియల్ సున్నా. రాత్రంతా చల్లారిన బండిలో కూలెంట్, ఇన్‌టేక్ గాలి, డీజిల్ టెంపరేచర్లు మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి, అలాగే ఉన్నాయి. స్టార్ట్ చేశాక ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ప్రెషర్, అంటే రైల్ ప్రెషర్, ఈసీఎం అడిగినంతా వస్తోంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ రీడింగ్ రేజింగ్‌కి తగ్గట్టు పెరుగుతోంది.

సెన్సర్లన్నీ బాగున్నాయి. కనీసం చల్లగా ఉన్నప్పుడు బాగున్నాయి.

ట్రయల్‌కి వెళ్లాను. స్కానర్ రికార్డింగ్‌లో పెట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు తిప్పాను. మూడో గేర్లో పూర్తిగా తొక్కి చూశాను, బూస్ట్ అడిగినంతా వచ్చింది. గతుకుల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద కావాలనే కొంచెం గట్టిగా పోనిచ్చాను. ఏమీ రాలేదు. శబ్దాలు వినాలి కాబట్టి ట్రయల్‌లో నేను ఏసీ ఆపేస్తాను, అద్దాలు దించుతాను. ఇన్నేళ్ల అలవాటది. ఆ రోజు కూడా అంతే చేశాను.

నా తప్పు

మూడు వేర్వేరు చోట్ల ఉన్న సెన్సర్లు ఒకేసారి 'లో' అంటే మూడూ ఒకేసారి పోయాయని నమ్మలేం. బూస్ట్ సెన్సర్ ఇన్‌టేక్ పైపు మీద ఉంది, డీపీఎఫ్ సెన్సర్ ఇంజిన్ వెనక, క్యాబిన్‌కి అడ్డుగా ఉండే బల్క్‌హెడ్ దగ్గర, ఈజీఆర్ ఇంజిన్ పక్కన. వీటికి కలిసి ఉన్నది వైరింగే. హార్నెస్‌లో, అంటే వైర్ల కట్టలో, ఎక్కడో వైరు ఇనుముకి రాసుకుని ఎర్త్ అవుతోందని లెక్క వేశాను. ఇంతవరకు ఆలోచన సరైనదే.

మధ్యాహ్నం కూర్చుని హార్నెస్ టేపు విప్పాను. ఈజీఆర్ పని చేసినప్పుడు ఒక క్లిప్పు తిరిగి బిగించలేదు. అక్కడ వైర్ల పైనున్న ప్లాస్టిక్ గొట్టం బ్రాకెట్‌కి రాసుకుని అరిగింది. లోపల వైర్ల ఇన్సులేషన్ మీద చిన్న మెరుపు గీత. రాగి బయటపడలేదు. అయినా చూడగానే ప్రాణం లేచొచ్చింది. దొరికింది అనుకున్నాను. టేపు చుట్టాను, కొత్త గొట్టం వేశాను, క్లిప్పు బిగించాను, బండి పంపేశాను.

ఆ రోజు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకోవాల్సింది. ఇన్సులేషన్ తెగకపోతే వైరు ఎర్త్ ఎలా అవుతుంది? అడగలేదు. ఇంకోటి కూడా. వైరు రాసుకునే ఫాల్ట్ అయితే గతుకుల్లో రావాలి, ఇంజిన్ ఊగినప్పుడు రావాలి. ఓనరు చెప్పింది దానికి పూర్తిగా వేరు. నిదానంగా పాకే ట్రాఫిక్‌లో, వేడెక్కాక వస్తోంది. నాకు దొరికిన లోపం నిజమైనదే, బాగు చేయాల్సిందే. కానీ ఆయన చెప్పిన లక్షణాలకి అది జవాబు కాదు. లోపం దొరికితే చాలు, ఇదే అసలు లోపం అనేసుకోవడం మా పనిలో ఎప్పుడూ ఉండే ప్రమాదం. పాత బండిని ఎక్కడ విప్పినా ఏదో ఒకటి దొరుకుతుంది మరి.

మూడో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. "అన్నా, మళ్లొచ్చింది. జేఎన్‌టీయూ కాడ ఉన్న. బండ్ల అమ్మ ఉంది, హాస్పిటల్ నుంచి తీసుకొస్తున్న." వెనక హారన్లు వినపడుతున్నాయి. బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపకుండా ఉంచమని చెప్పి, బైక్ మీద బయల్దేరాను. నేను వెళ్లేసరికి ఆ ట్రాఫిక్‌లో టెన్షన్ తట్టుకోలేక ఆపేశాడు. అది ఆయన తప్పు కాదు. మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది. వాళ్ల అమ్మగారిని ఆటోలో ఇంటికి పంపి, బండి షెడ్డుకి తెచ్చాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. టేపు చుట్టినందుకు తీసుకున్న డబ్బులు మరుసటి రోజు తిరిగి ఇచ్చేశాను.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి ఓనరుని కూర్చోబెట్టి, ఆ బండి గురించి మీ ఫోన్లో ఏమున్నా చూపించండి అన్నాను. వాట్సాప్‌లో మొదటి గ్యారేజీ వాళ్లు పంపిన స్కానర్ స్క్రీన్ ఫోటో ఉంది. బిల్లులో మూడు కోడ్లే రాశారు. ఫోటోలో నాలుగున్నాయి. చివరి వరుస కొంచెం కట్ అయింది గానీ చదవగలం: పి0651. సెన్సర్ రెఫరెన్స్ వోల్టేజ్ 'బి' సర్క్యూట్. ఆ పేరుతో కొనడానికి పార్టు ఏదీ ఉండదు. అందుకే కాబోలు బిల్లులోకి ఎక్కలేదు. మిగతా మూడు కోడ్లు ఎందుకు పడ్డాయో చెప్పేది మాత్రం ఆ నాలుగోదే.

ఈసీఎం లోపల 5 వోల్టుల సప్లైలు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి, వాటికి 'ఎ', 'బి' అని పేర్లు. ఒక్కోటి కొన్ని సెన్సర్లకి పంచుతుంది. ఆక్సిలేటర్ ఎంత తొక్కామో చెప్పే, పెడల్‌లోని రెండు ట్రాకులకి కావాలనే విడివిడిగా సప్లై ఇస్తారు, ఒకటి పోయినా రెండోది ఉండాలని. ఈ బండిలో రైల్ ప్రెషర్ సెన్సర్ 'ఎ' మీద ఉంది, అందుకే ఇంజిన్ ఆగిపోలేదు. 'బి' మీద ఉన్నవాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా, అది మొత్తం లైను వోల్టేజ్‌ని కిందికి లాగుతుంది. అప్పుడు మిగిలినవి బాగున్నా 'లో' అనే చెప్తాయి. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు ఆన్ కాగానే అన్ని ఫ్లాట్లలో బల్బులు డిమ్ అయితే ఎవరూ బల్బులు మార్చరు కదా.

అయితే 'బి' మీద ఏమేం ఉన్నాయి? వైరింగ్ డయాగ్రమ్ మొదటిసారీ చూశాను. కానీ ఇంజిన్ పేజీ మాత్రమే చూశాను. అందులో 'బి' కింద మూడే ఉన్నాయి. ఆ మూడింటికే కోడ్లు పడ్డాయి, రెండు మార్చేశారు కూడా. ఈసారి ఆ వైరు వెళ్లే ప్రతి గీతనీ పెన్సిల్‌తో పట్టుకుంటూ పోయాను. పేజీ అంచున ఒక చిన్న బాణం గుర్తు, పక్కన ఇంకో పేజీ నంబరు. ఆ పేజీ తీస్తే ఏసీ సర్క్యూట్. 'బి' లైను మీద నాలుగో సెన్సర్ ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్.

ఏసీ పైపులో గ్యాస్ ప్రెషర్ ఎంతుందో చూసి కంప్రెసర్ నడపాలా, ఫ్యాన్ పెంచాలా అని ఈసీఎంకి చెప్పేది ఆ సెన్సరే. ఉండేది ముందు, కండెన్సర్ దగ్గర హై ప్రెషర్ పైపు మీద. ఏసీ ఎంతసేపు నడిస్తే ఆ పైపు అంత వేడెక్కుతుంది. నిదానపు ట్రాఫిక్‌లో ఎదురుగాలి ఉండదు కాబట్టి ఇంకా వేడెక్కుతుంది. ఓనరు చెప్పిన లక్షణాలన్నీ ఒక్కోటిగా వచ్చి వాటి చోట్లో కూర్చున్నాయి. చల్లటి బండిలో రాకపోవడం, పొద్దున రాకపోవడం, సాయంత్రం పాకే ట్రాఫిక్‌లో రావడం, ఏసీ చల్లగా రాకపోవడం. నేను ఔటర్ మీద ఏసీ ఆపి, అద్దాలు దించి, గాలిలో నలభై కిలోమీటర్లు తిప్పాను. ఆ ఫాల్ట్ రాకుండా ఉండటానికి ఏమేం చేయాలో సరిగ్గా అవన్నీ చేశాను.

అప్పుడు ఇంకో ప్రశ్న అడిగాను, ఈసారి వేరేగా. "ఈ ఆరు నెలల్లో బానెట్ ఎవరైనా ఎత్తారా సార్? ఏ పని కోసమైనా సరే." కాసేపు ఆలోచించి చెప్పాడు. సంక్రాంతికి ఊరికి వెళ్లి వస్తుంటే విజయవాడ హైవే మీద టోల్ ప్లాజా దగ్గర ముందు బండికి తగిలిందట. ఇన్సూరెన్స్ మీద బంపర్ మార్చారు, కండెన్సర్ మార్చారు, గ్యాస్ నింపారు. అది జనవరి. ఫాల్ట్ మొదలైంది మార్చి చివర్లో. చలికాలంలో ఏసీ మీద లోడు ఉండదు, ఎండలు ముదిరాకే ఆ పైపు అంత వేడెక్కింది. మధ్యలో రెండు నెలలు బండి బాగా నడిచింది కాబట్టి రెండిటికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. ఆయన దృష్టిలో అది డెంటింగ్ పని, ఇంజిన్ పని కాదు.

పట్టుకోవడం

ఇంత చక్కగా కుదిరినా ఈసారి నేను నమ్మదలచుకోలేదు. వారం కింద టేపు చుట్టినప్పుడు కూడా అంతా చక్కగానే కుదిరిందనిపించింది. ఫాల్ట్ నా కళ్ల ముందు రావాలి, వచ్చినప్పుడు కొలవాలి, పోయేలా చేయాలి, మళ్లీ తెప్పించాలి. అవన్నీ అయ్యాకే పార్టు ఆర్డరు పెడదామనుకున్నాను.

బూస్ట్ సెన్సర్‌కి వైర్లు తగిలించే కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, 5 వోల్టుల వైరు మీద మల్టీమీటర్ కలిపాను. వైరుని సూదితో గుచ్చలేదు. గుచ్చిన చోట వానాకాలం నీళ్లు దిగి పచ్చగా తుప్పు పడుతుంది, ఏడాది తర్వాత అదే కొత్త ఫాల్ట్. మీటరు వైర్లు బానెట్ సందులోంచి లోపలికి తెచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను. సాయంత్రం ఆరుకి నానక్‌రాంగూడ నుంచి బయల్దేరాం. స్టీరింగ్ ఓనరుకే ఇచ్చాను. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపమన్నాను. అద్దాలు పైకి, ఏసీ ఫుల్లు.

గచ్చిబౌలి, కొత్తగూడ. మీటరు 5.02 దగ్గర కదలకుండా ఉంది. సైబర్ టవర్స్ దాటేసరికి నలభై నిమిషాలైంది. ఇద్దరం మాట్లాడటం మానేశాం. నలభై ఏడో నిమిషంలో 5.02 కాస్తా 4.96 అయింది. తర్వాత 4.8. పది సెకన్లు అక్కడే ఊగింది. ఆ వెంటనే 1.9. డ్యాష్‌బోర్డులో లైటు వెలిగింది, పికప్ పోయింది, ఏసీ గాలి వెచ్చబడింది. అన్నీ రెండు మూడు సెకన్లలో.

పక్కకి ఆపాం. ఇంజిన్ స్లో రన్నింగ్‌లోనే ఉంచాం. బానెట్ ఎత్తి, ఓనరు ఫోన్ లైటు పట్టుకుంటే ఒక్కో కప్లర్ విప్పుతూ వచ్చాను. బూస్ట్ సెన్సర్ విప్పాను, 1.9 అలాగే ఉంది. తిరిగి పెట్టాను. డీపీఎఫ్ సెన్సర్, మార్పు లేదు. ఈజీఆర్, మార్పు లేదు. ఇరవై వేలకి పైగా పెట్టి మార్చమన్నది ఆ వాల్వే. తర్వాత కండెన్సర్ పక్కకి చెయ్యి పోనిచ్చాను. పైపు వేడికి వేలు అంటుకున్నంత పనైంది. బట్ట చుట్టుకుని కప్లర్ లాక్ నొక్కి లాగాను.

"అయిదొచ్చిందన్నా!" అన్నాడు ఓనరు లోపలికి తొంగిచూసి. 5.01.

కప్లర్ మళ్లీ పెట్టి చూశాను. 1.9. తీశాను. 5.01. మూడుసార్లు చేశాం. అప్పటికి ఎవరికీ అనుమానం లేదు. ఆ కప్లర్ విప్పేసి ఉంచి, కోడ్లు క్లియర్ చేసి, ఇంటిదాకా ఏసీ లేకుండా నడపమన్నాను. పికప్ పూర్తిగా వచ్చింది.

ఇది చదివి ప్రయత్నించే మెకానిక్ తమ్ముళ్లకి ఒక జాగ్రత్త. ఇంజిన్ నడుస్తుండగా ఇలా విప్పి చూసేది ఆ సప్లై మీద ఉన్న వాటినే, అదీ డయాగ్రమ్ చూశాకే. రైల్ ప్రెషర్ సెన్సర్ కప్లర్, ఇంజెక్టర్ కప్లర్లు నడుస్తున్న ఇంజిన్‌లో ముట్టుకోవద్దు.

పార్టు మార్చడం, ఆ తర్వాత

తీసిన సెన్సర్ మీద కంపెనీ గుర్తు లేదు, పార్టు నంబరూ లేదు. టేబుల్ మీద పెట్టి బయట నుంచి 5 వోల్టులు ఇచ్చి, ఎంత కరెంటు తీసుకుంటోందో చూశాను. చల్లగా ఉన్నప్పుడు 6 మిల్లీ ఆంప్స్, ఉండాల్సినంతే. హాట్ ఎయిర్ గన్ దూరం నుంచి పట్టి మెల్లగా వేడి చేశాను. కాసేపు ఏమీ లేదు. 65 డిగ్రీలు దాటాక ఒక్కసారిగా పెరగడం మొదలై వంద మిల్లీ ఆంప్స్ పైకి పోయింది. చల్లారితే మళ్లీ 6. చల్లటి సెన్సర్‌ని మల్టీమీటర్‌తో ఎన్నిసార్లు పరీక్షించినా అది బాగుందనే చెప్పేది.

కొత్తది ఒరిజినల్ తెప్పించాను. ఈ బండిలో సెన్సర్ కింద వాల్వ్ ఉంది కాబట్టి గ్యాస్ తీయకుండానే మార్చవచ్చు. అన్ని బండ్లకీ అలా ఉండదు. తెలుసుకోకుండా విప్పితే గ్యాస్ ముఖం మీదికి వస్తుంది, ఆ విపరీతమైన చలికి చర్మం కాలినట్టు దెబ్బతింటుంది. ఓ రింగ్ కొత్తది, ఏసీ ఆయిల్ రాసి బిగించాను. అన్నీ కలిపి ఆయనకి అయిన ఖర్చు, అంతకుముందు పెట్టినదాంట్లో పదో వంతు కూడా లేదు.

పంపే ముందు రెండు సాయంత్రాలు అదే దారిలో, అదే టైముకి, అదే ఏసీతో తిప్పాం. రెండో రోజు కావాలనే కేపీహెచ్‌బీ లోపలి రోడ్లలో ఇంకో అరగంట ఎక్కువ తిప్పాను. వోల్టేజ్ 5.01 నుంచి 5.03 మధ్యలోనే ఉంది. మే నెల మొత్తం నడిచాక ఫోన్ చేసి అడిగాను, లైటు మళ్లీ వెలగలేదు.

ఓనరు డిక్కీలో పాత పార్టులు ఒక అట్టపెట్టెలో దాచాడు. అందులో మొదట తీసేసిన బూస్ట్ సెన్సర్, డీపీఎఫ్ సెన్సర్ ఉన్నాయి. రెంటినీ అదే బండికి కలిపి చూశాను. బూస్ట్ సెన్సర్ 95 కిలోపాస్కల్స్. డీపీఎఫ్ సెన్సర్ సున్నా, ఒక పైపులో సిరంజితో కొద్దిగా గాలి ఎక్కిస్తే రీడింగ్ సాఫీగా పెరిగింది. వేడి చేసి కూడా చూశాను. రెండూ బాగున్నాయి.

ఈ కేసు తర్వాత నా పనిలో మూడు మారాయి. వచ్చిన బండికి కోడ్లు చదివాక, క్లియర్ చేసే ముందు స్క్రీన్ మొత్తం, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా ఫోటో తీసి ఓనరు వాట్సాప్‌కి పంపుతున్నాను. బండి ఇంకో గ్యారేజీకి వెళ్లినా ఆ ఆధారం దానితో వెళ్తుంది. ట్రయల్ రెండుసార్లు వేస్తున్నాను: ఒకటి నా పద్ధతిలో అద్దాలు దించి, ఇంకోటి ఓనరు పద్ధతిలో, వీలైతే ఓనరే స్టీరింగ్ మీద. జాబ్ కార్డు కొత్తగా ప్రింట్ చేయించినప్పుడు 'ఇంజిన్ పని ఏమైనా చేయించారా' అన్న గడి తీసేశాను. దాని బదులు డెంటింగ్, పెయింటింగ్, ఏసీ, మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, అలారం, ఎలుకలు కొరకడం అని గడులు పెట్టించాను. ఓనరు ముందు కూర్చుని ఒక్కోటి చదివి టిక్కు పెడతాను.

ఆ రెండు పాత సెన్సర్లనీ తుడిచి, విడివిడి కవర్లలో పెట్టి, పైన 'చెక్ చేశాను, బాగుంది' అని తేదీతో రాసి ఓనరుకి ఇచ్చాను. ఆయన వాటిని మళ్లీ అదే అట్టపెట్టెలో పెట్టుకున్నాడు.